కారులో కచేరీ

మొన్న దసరాకు నాలుగు రోజుల ముందు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి లక్సెట్టిపేటకు కారులో దిగాడు. దిగాడనడం కంటే అవతరించాడనడం సబబు. జర్మనీ దేశపు నల్లని కారు. కొత్తది కాదు, ఎవరో అయిదేళ్లు వాడుకుని అమ్మినది. అయినా అటువంటి కారు మా వీధిలో ఆగడం అదే మొదలు. పిల్లలు చుట్టూ మూగి అద్దాల్లో తమ ముఖాలు చూసుకున్నారు. మా అక్క బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దిష్టి తీసింది. మా బావ మాత్రం అరుగు మీద నుంచి లేవలేదు. ఆయన ముప్ఫయి ఏళ్లు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి ఇంటికి వచ్చినవాడు. చెవులు సరిగా వినిపించవు. అందుకని ఎక్కడ కూర్చున్నా ఒంటరిగానే కూర్చుంటాడు.

"ఎట్లుంది మామా?" అన్నాడు మేనల్లుడు, కారు తలుపు మూస్తూ.

"బాగుంది అల్లుడా! ఇంకేం కావాలె?"

"అన్నీ ఉన్నయి గని పాటే మంచిగ లేదు. బేస్ లేదు. సబ్‌ఊఫర్ పెట్టియ్యాలె."

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కొత్త మాట చెవిన పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే దాకా నిద్ర పట్టదు. ఇంగ్లీషులో కుక్క మొరుగు ‘ఊఫ్’ అట. అందుకని మంద్రధ్వనులు పలికే స్పీకరు ‘ఊఫర్’ అయింది. పిట్ట కూత ‘ట్వీట్’ కాబట్టి, సన్నని ధ్వనులు పలికేది ‘ట్వీటర్’. ఊఫర్‌కు కూడా అందని అడుగు స్వరాలను పలికించేది సబ్‌ఊఫర్. అంటే మా వాడు తన లక్షల రూపాయల కారులో ఒక పెద్ద కుక్కను కట్టేయదలచుకున్నాడన్నమాట!

పాట కారెక్కిన కథ

ఈ సరదా మా వాడితో మొదలైంది కాదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు కారులో ఇమిడే రేడియోను తయారు చేయించారు. ఆ ఏడు అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల మహాసభ జరిగింది. లోపల వారికి స్టాలు లేదు. పాల్ గాల్విన్ తన కారును బయటనే నిలిపి రేడియో మోగించాడు. పోయేవారు ఆగి విన్నారు, ఆర్డర్లు వచ్చాయి. ‘మోటారు’ అన్న మాటకు ఆనాటి గ్రామఫోను పేర్లలోని ‘ఓలా’ అన్న తోక తగిలించి దానికి ‘మోటరోలా’ అని పేరు పెట్టారు. తరువాతి తరం ఆ పేరును సెల్‌ఫోన్ల మీద చూసింది. 1932లో జర్మనీలో బ్లౌపుంక్ట్ వారు ఐరోపాలో తొలి కారు రేడియోను తెచ్చారు. 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు వచ్చిన తరువాత, రేడియో వారు వేసిన పాట కాక మనం కోరిన పాట కారులో వినే యోగం క్రమంగా కలిగింది.

ఇక స్టీరియో సంగతి. ఇంగ్లండులో అలన్ బ్లూమ్లైన్ అనే ఇంజనీరు ఒకనాడు సినిమా చూస్తూ, తెర మీద నటుడు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా మాట మాత్రం ఒక్క చోటు నుంచే వస్తున్నదేమని విసుక్కున్నాడట. 1931లో రెండు దారుల ధ్వనికి పేటెంటు కోరాడు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. స్టీరియో అంటే అంతే.

మనవారు సంతోషించవలసిన సంగతి ఒకటున్నది. కారు సంగీతంలో ప్రసిద్ధికెక్కిన అమర్ బోస్ తండ్రి ననీగోపాల్ బోస్ మన బెంగాలు దేశభక్తుడు. ఆంగ్లేయుల కన్ను తప్పించుకుని అమెరికా చేరినవాడు. అమర్ బోస్ అక్కడ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యుడు. 1956లో కోరి కోరి ఒక స్టీరియో కొన్నాడు. కాగితం మీద అన్ని లక్షణాలూ ఉన్న ఆ యంత్రం ఇంట్లో మాత్రం అసలు కచేరీలా పలకలేదు. ఎందుకన్న ఆ ప్రశ్నే 1964లో కంపెనీ అయింది. 1980 తరువాత జనరల్ మోటార్స్ వారి కార్లలోకి ఎక్కింది. పరికరం గొప్పదయితే చాలదు, అది ఉన్న గదిని బట్టి ధ్వని మారుతుందని ఆయన గ్రహించాడు. కారు కూడా ఒక చిన్న గదే గదా! అద్దాలు ధ్వనిని వెనక్కు కొడతాయి. సీట్ల దూది మింగుతుంది.

ఉదయం కారు కదలలేదు

మా మేనల్లుడికి ఇంత కథ వినే ఓపిక లేదు. ఒక పట్టణంలో ఒక దుకాణం వారు పూటలో పని ముగిస్తామన్నారు. పొద్దున కారు తీసుకుపోయి, పొద్దుగూకకముందే తెచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే మా ఇంటి కిటికీ తలుపులు దడదడలాడాయి. వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ఎదురింటి ఉయ్యాలలో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. "ఎట్లుంది మామా?" అన్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. పెదవులను బట్టి గ్రహించాను.

దసరా నాడు అందరం గోదావరి దాటి ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి పోదామని బయలుదేరాం. పట్టుచీరలతో మా అక్క, మా ఇంటావిడ, పిల్లలు కారులో కూర్చున్నారు. మా వాడు మీట నొక్కాడు. కారు ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఆ రోజు స్వామి దర్శనం ఆటోలో అయింది.

పండుగ తరువాత కరీంనగరులో ఈ పనే వృత్తిగా ఉన్న ఒక కుర్రవాడి దగ్గరకు పోయాం. నేనూ వెంట వెళ్లాను. అతడు ముందుగా డిక్కీ తెరిచాడు. ఆ కారులో బ్యాటరీ ముందు కాక వెనుక ఉంటుంది. అక్కడి నుంచి తీగ వెంట చేత్తో తడుముతూ పోయి, వెనుక సీటు కింద ఆగాడు. మమ్మల్ని పిలిచి టార్చి వేసి చూపించాడు. సీటు బిగించిన ఇనుప పట్టీ అంచుకు తీగ ఒరుసుకుని, పై తొడుగు చిరిగి, లోపలి లోహం మెరుస్తున్నది.

"ఇది ఇనుముకు తాకి ఉంటే ఏమయ్యేది?" అన్నాను.

"సీటు అంటుకునేది సార్. బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు," అన్నాడతడు.

మా మేనల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. దసరా నాడు ఆ సీటు మీదనే వాళ్లమ్మ, నా పిల్లలు కూర్చున్నారు. కారు కదలకపోవడమే ఆ రోజు మాకు స్వామి దర్శనమేమో!

రెండు రోజుల పని

ఆ కుర్రవాడు రెండు రోజులు పనిచేశాడు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేను నేర్చుకున్నది చెబుతాను. మీ ఇంటి అబ్బాయిలకూ ఏదో ఒకనాడు ఈ ముచ్చట పుట్టవచ్చు.

మొదటిది కరెంటు లెక్క. ఇంట్లో 230 వోల్టుల మీద 500 వాట్ల సామాను నడిస్తే రెండు ఆంపియర్ల చిల్లర చాలు. కారులో ఉన్నవి 12 వోల్టులు. అదే 500 వాట్లకు 40 ఆంపియర్లు దాటుతుంది. సన్నని తీగలో అంత కరెంటు పోతే తీగ కాగుతుంది. అందుకని లావుపాటి అసలు రాగి తీగే వేయాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవకగా దొరుకుతాయి. పైకి రెండూ ఒకే తీరుగా ఉంటాయి. బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపలనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయరును కాదు, తీగను. తీగ వెంట కారును, కారులోని మనుషులను. ఇనుప అంచు దాటే ప్రతి చోటా రబ్బరు తొడుగు వేయాలి.

రెండవది, బ్యాటరీ ఎందుకు చచ్చింది? ఆంప్లిఫయరుకు ఒక సన్నని తీగ ఉంటుంది. పాట మొదలైతే లెమ్మని, ఆగితే పడుకొమ్మని చెప్పేది అదే. ముందటి వారు దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపేశారు. పాపం, ఆంప్లిఫయరు రాత్రంతా జాగారం చేసింది.

మూడవది, ఇటువంటి పెద్ద కార్ల మర్యాద వేరు. మామూలు కారులో పాత రేడియో డబ్బా ఊడదీసి కొత్తది బిగిస్తే సరి. వీటిలో ఆ డబ్బానే ఏసీని చూపుతుంది, వెనుక కెమెరాను చూపుతుంది. బెల్టు పెట్టుకొమ్మన్న హెచ్చరిక సైతం స్పీకర్ల నుంచే పలికే కార్లున్నాయి. కొన్నింటిలో పాట రాగితీగలో కాక, సన్నని ప్లాస్టిక్ పోగులో వెలుగుగా మారి ఒక పరికరం నుంచి మరొకదానికి వలయంలా తిరుగుతుంది. దండలో పూసలాగా ఒక పరికరం ఊడదీస్తే వలయం తెగి మొత్తం మూగబోతుంది. అందుకని తెలిసినవారు కంపెనీ డబ్బాను కదపరు. స్పీకర్లకు పోయే ధ్వనిని మధ్యలో అందుకుని, సరిచేసే చిన్న యంత్రం గుండా కొత్త ఆంప్లిఫయరుకు పంపుతారు. ధ్వని తీగ కారుకు ఒక పక్క, కరెంటు తీగ మరో పక్క. రెండూ జతగా నడిస్తే ఇంజను వేగంతో పాటు స్పీకరులో ఈల వినిపిస్తుంది.

నాలుగవది పెట్టె. సబ్‌ఊఫరును చెక్కపెట్టెలో ఎందుకు బిగిస్తారని అడిగాను. స్పీకరు కోన్ ముందుకు వస్తే ముందున్న గాలి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి, మంద్రధ్వని పుట్టదు. పెట్టె ఆ రెంటినీ వేరు చేస్తుంది. మన డోలుకూ మద్దెలకూ కర్ర దిమ్మె తొలిచింది ఊరకనే కాదు గదా! ఒగ్గు కథలో పెద్ద డోలు, తాళాలు ఎలాగో కారులో సబ్‌ఊఫరు, ట్వీటరు అలాగ. మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 దాకా వింటుంది. సబ్‌ఊఫరుకు అప్పగించేది 80కి లోపలి పని మాత్రమే. అంత మంద్రధ్వని ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పోల్చలేదు. కాబట్టి పెట్టె డిక్కీలో ఉన్నా పాట ముందునుంచే వస్తున్నట్లుంటుంది.

అన్నిటికన్నా నాకు నచ్చినది చివరి పరీక్ష. ఆ కుర్రవాడు జేబులోంచి టార్చిలైటు సెల్లు ఒకటి తీసి, ఒక్కొక్క స్పీకరు తీగలకు క్షణం పాటు తాకించాడు. కోన్ బయటకు ఉబ్బితే తీగలు సరి. లోపలకు పోతే తారుమారు. ఎడమ తలుపులో ఒకటి లోపలకు పోయింది. ఒక స్పీకరు ముందుకు నెడుతుంటే మరొకటి వెనక్కు లాగుతున్నదన్నమాట. బేస్ లేదని మా వాడు వాపోయింది దానివల్లనేనేమో! తీగలు మార్చాడు. సబ్‌ఊఫరు మీట సగానికి తగ్గించి పాట వేశాడు. కిటికీలు దడదడలాడలేదు. డోలు డోలులా, పాడే గొంతు గొంతులా విడివిడిగా వినవచ్చాయి.

బావ చెప్పిన మాట

మరునాడు అందరం మళ్లీ ధర్మపురి బయలుదేరాం. ఈసారి బావను ముందు సీట్లో కూర్చోబెట్టాడు మా వాడు. రాయపట్నం వంతెన దగ్గరకు వచ్చేసరికి ఉత్సాహం పట్టలేక మీట పెంచాడు, పెంచాడు, ఇంకా పెంచాడు. బావ అరచేయి తలుపు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"డోలు మోగుతున్నది," అన్నాడు. ఆయన ముఖంలో అటువంటి సంతోషం చూసి చాలా ఏళ్లయింది. కొంతసేపటికి కళ్లు తెరిచి, "పాట ఎవలు పాడుతున్నరు కొడుకా? మాటలు నాకు రావట్లేదు," అన్నాడు.

మా వాడు మీట ఇంకా పెంచబోయాడు. బావ చేయి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. నాకు మొదలు పోయినయి సన్నపు సప్పుళ్లే. పిట్టలు పోయినయి. ఎనుక మీ అవ్వ మాటలు పోయినయి. మిల్లుల ఉన్నన్ని దినాలు ఏం తెల్వలేదు. నేనంటే కడుపుకోసం పోగొట్టుకున్న. నువ్వెందుకు పోగొట్టుకుంటవు?"

కారులో ఎవరమూ మాట్లాడలేదు. మా వాడు మీట తగ్గించాడు.

బావ చెప్పింది అక్షరాలా శాస్త్రమే. లోపలి చెవిలో ఒక్కొక్క పక్క పదిహేను వేలకు పైగా సన్నని రోమకణాలుంటాయి. పెద్ద చప్పుడుకు అవి నశిస్తే మళ్లీ మొలవవు. ముందుగా పోయేవి సన్నని ధ్వనులను పట్టేవి; అందుకే గొంతు వినిపిస్తుంది గాని స, ష, త, క వంటి హల్లులు జారిపోయి మాట తెలియదు. 85 డెసిబెళ్ల చప్పుడును రోజుకు ఎనిమిది గంటల కంటే వినరాదని నిపుణుల లెక్క. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ కాలం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. 100 చేరితే పావుగంటే! వంద కోట్లకు పైగా యువతీయువకులు ఈ విధంగా చెవులు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించింది. ఇక ఇరుగుపొరుగుల మాట: ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటరాదని మన దేశంలో 2000 సంవత్సరపు నిబంధనలున్నాయి. రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా. సన్నని ధ్వనిని గోడ ఆపుతుంది. మంద్రధ్వని గోడను దాటి పక్కింటి మంచం దాకా పోతుంది.

తీగ కాలితే కొత్త తీగ వేయవచ్చు. స్పీకరు చిరిగితే మరొకటి బజారులో దొరుకుతుంది. చెవికి మాత్రం స్పేరుపార్టు లేదు.

మొన్న దీపావళికి మా వాడు మళ్లీ వచ్చాడు. నేను గదిలో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. "మామా!" అని గడపలో పిలిచే దాకా కారు వచ్చినట్లే నాకు తెలియలేదు. ఎదురింటి ఉయ్యాలలో పసిపిల్ల హాయిగా నిద్రపోతున్నది.