శరణార్థి పేరు మీద డబ్బు, కంపెనీ చేతికి చెల్లింపు

స్వీడన్‌లో నివాస అనుమతి పొందిన శరణార్థులను పనిలో నిలబెట్టే బాధ్యత 2010 దాకా ప్రధానంగా మునిసిపాలిటీలది. ఆ ఏడాది డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం దాన్ని ప్రభుత్వ ఉపాధి సంస్థకు అప్పగించింది. ఒక్కొక్కరికీ గరిష్ఠంగా 24 నెలల ప్రణాళిక: స్వీడిష్ భాష, సమాజ పరిచయం, పని అనుభవం. హాజరైతే రోజువారీ భృతి. దీంతోపాటే 'లోట్స్' అనే ప్రైవేటు మార్గదర్శిని ఎంచుకునే హక్కు. లోట్స్ అంటే ఓడను రేవులోకి నడిపించే పైలట్.

శరణార్థి తనకు నచ్చిన కంపెనీని ఎంచుకుంటాడు. ప్రభుత్వం ఆ కంపెనీకి మనిషికింత చొప్పున చెల్లిస్తుంది. అతను పనిలోనో చదువులోనో చేరితే అదనం. మంచి కంపెనీ దగ్గరికి జనం వెళ్తారు, చెడ్డది దానంతటదే మూతపడుతుంది అన్నది దీని వెనకున్న లెక్క.

ఎంచుకోవాలంటే ముందు తెలియాలి కదా. భాష రాక, ఊరు తెలియక, యుద్ధం నుంచి బయటపడి వచ్చిన సిరియా మనిషికి ఏ కంపెనీ ఎంతమందికి పని చూపించిందో ఎవరు చెబుతారు? తన భాష మాట్లాడేవాళ్ళెవరో, బంధువు ఎక్కడ చేరాడో చూసి తనూ చేరతాడు. అందులో తప్పేమీ లేదు. ఇల్లు వెతకడానికి, ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాలు చదివి చెప్పడానికి చాలామందికి లోట్సే దిక్కు. ఆ సాయం విలువైనదే, కానీ ప్రభుత్వం డబ్బు పెట్టింది ఉద్యోగం కోసం. మనుషుల్ని చేర్చుకోవడానికి కొన్ని కంపెనీలు కానుకలు ఎరవేశాయన్న ఆరోపణలూ వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం కాలేజీ పీఆర్వోలు మన వాడల్లో తిరగడం చూసినవాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు.

అసలు ఈ మార్కెట్లో కొనేది శరణార్థి కాదు. అతని పేరు మీద డబ్బు కదులుతుంది, అతని చేతికి రాదు. పని దొరక్కపోతే అతనికున్న 24 నెలలు కరిగిపోతాయి. కంపెనీకి మాత్రం నెలవారీ చెల్లింపు అందుతూనే ఉంటుంది.

ఈ వ్యవస్థ అనుకున్నట్టు పనిచేయడం లేదని 2014లో జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. 2015లో, అక్రమాల అనుమానాల మధ్య, ఉపాధి సంస్థ లోట్స్ పద్ధతినే ఆపేసింది. చెడ్డ కంపెనీలను మార్కెట్టు ఏరివేయలేదు. ప్రభుత్వం తలుపు మూస్తే నిజాయితీగా పనిచేసినవాళ్ళూ వాటితోపాటే పోయారు.

నాలుగేళ్ళు తిరక్కుండానే, 2019 జనవరిలో నాలుగు పార్టీల మధ్య కుదిరిన ఒప్పందం స్వీడన్ ఉపాధి సేవలను మళ్ళీ ప్రైవేటు కంపెనీల వైపు తిప్పింది. 2020లో మొదలైన కొత్త పథకంలోనూ కంపెనీని ఎంచుకోవాల్సింది నిరుద్యోగే, చెల్లించేది ప్రభుత్వమే.