ఫోను మారితే... సీను మారుతుంది!

ఇల్లు మారితే సామాన్లు లారీకెక్కిస్తాం. ఊరు మారితే పాలవాడికీ పేపరబ్బాయికీ చెప్పి వెళ్తాం. మరి ఫోను మారితే..? అందులో ఉన్న పదేళ్ల జీవితాన్ని ఏ లారీకెక్కించాలి? ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కో, ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కో మారినవాళ్లను కదిపితే చాలు... కామెడీ, సస్పెన్సు, సెంటిమెంటు అన్నీ బయటికొస్తాయి. ఆ కథలన్నీ ఒక్కచోట దొరకాలంటే సినిమావాళ్ల పేటకు వెళ్లాల్సిందే!

ఉదయం అయిదున్నర. కృష్ణానగర్ గల్లీలో టీకొట్టు అప్పుడే తెరిచారు. ఓ సహాయ దర్శకుడు హడావుడిగా గది నుంచి బయటపడ్డాడనుకోండి. చేతిలో కొత్త ఐఫోన్. ముందురోజు సాయంత్రమే జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో వాయిదాల మీద కొన్నాడు. ఇవాళ షూటింగ్ ఎక్కడో చూద్దామని వాట్సప్ తెరిచాడు. గ్రూపుల పేర్లన్నీ ఉన్నాయి. లోపల మాత్రం ఒక్క మెసేజీ లేదు! రాత్రి మేనేజర్ పంపిన లొకేషన్, ఆర్టిస్టులు రావాల్సిన సమయాలు, కాస్ట్యూముల ఫొటోలు... అన్నీ పాత ఫోన్లోనే ఉండిపోయాయి. పోనీ మేనేజర్‌కే ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. పాత ఫోన్ ఏమైందీ అంటారా? ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడు!

సినిమా భాషలో చెప్పాలంటే... కంటిన్యుటీ పోయింది.

జేబులోనే ఆఫీసు

ఏ ఊళ్లోనైనా ఫోన్ మారిస్తే కాస్త చికాకు తప్పదు. ఫిల్మ్‌నగర్ కొండమీద మాత్రం అది ఉపాధికే ఎసరు పెట్టొచ్చు. ఇక్కడ చాలామందికి ఆఫీసంటూ విడిగా ఉండదు. ఫిల్మ్ ఛాంబర్ దగ్గరో, రామానాయుడు స్టూడియో ముందో, కృష్ణానగర్ టీకొట్టు బల్లమీదో కూర్చుంటే అదే ఆఫీసు. జేబులోని ఫోనే బీరువా. జూనియర్ ఆర్టిస్టులను సమకూర్చే ఏజెంటుకు అందులో వందలాది ముఖాల ఫొటోలుంటాయి. కాస్ట్యూమ్స్ సహాయకుడికి ఏ సీన్లో హీరో చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో చెప్పే ఫొటోలుంటాయి. పాటల రచయితకు సంగీత దర్శకుడు హమ్ చేసి పంపిన ట్యూన్లుంటాయి. మేకప్ చేసేవారికి 'రేపు ఆరింటికి రండి' అనే ఒక్క మెసేజీయే ఆ రోజు బత్తెం.

వీటన్నిటినీ ఒక ఫోన్ నుంచి అదే రకం ఫోన్లోకి మార్చడం తేలిక. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు, లేదా అటు నుంచి ఇటు వచ్చినప్పుడే అసలు చిక్కు. ఎందుకంటే రెండూ రెండు వేర్వేరు రాజ్యాలు. ఆండ్రాయిడ్‌లో వాట్సప్ తన బ్యాకప్‌ను గూగుల్ ఖాతాలో దాచుకుంటుంది. ఐఫోన్‌లో అయితే ఆపిల్ ఐక్లౌడ్‌లో దాస్తుంది. ఒకరి బీరువా తాళంచెవి ఇంకొకరి బీరువాకు పట్టదు. డబ్బు పెట్టి కొన్న ఆప్‌లూ అంతే, అక్కడ కొన్నది ఇక్కడ చెల్లదు. ఉచితంగా దాచుకునే చోటులోనూ తేడా ఉంది. గూగుల్ 15 జీబీ ఇస్తే, ఆపిల్ 5 జీబీతో సరిపెడుతుంది.

వేలు వెతుక్కునే వెనక్కి బటన్

తొలి వారం కష్టాలు చెప్పుకుంటే నవ్వొస్తాయి. ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లాలంటే కింద ఓ బటన్ నొక్కడమో, ఏ అంచు నుంచైనా వేలితో జరపడమో అలవాటు. ఐఫోన్‌లో ఆ బటనే కనిపించదు. ఎడమవైపు అంచు నుంచి వేలితో జరపాలి. బొటనవేలు మాత్రం పాత అలవాటుకొద్దీ కిందికే పోతుంటుంది. స్కూటర్ నుంచి కారుకు మారినవాళ్లు బ్రేకు కోసం చేత్తో వెతుక్కున్నట్టు!

ఫొటోల సంగతి మరోటి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్ఈఐసీ అనే కొత్త పద్ధతిలో దాచుకుంటున్నాయి. చోటు కలిసొస్తుంది కానీ, ఎడిటింగ్ గదిలోని పాత కంప్యూటర్‌లో అవి తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే అప్పటినుంచీ తీసే ఫొటోలు మామూలు జేపెగ్‌లుగానే వస్తాయి. ఈ ఒక్క ముక్క తెలియక తల పట్టుకునేవాళ్లు ఎందరో!

డేట్లు చూసే మేనేజర్ల బాధ ఇంకో రకం. పారితోషికం మాటలన్నీ ఫోన్లోనే నడుస్తాయి. తర్వాత 'నేనలా అన్లేదే' అంటే చూపించడానికి రికార్డింగ్ ఉండాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సదుపాయం ముందునుంచీ ఉంది. ఐఫోన్‌లో 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో గానీ రాలేదు. వచ్చినా 'ఈ కాల్ రికార్డవుతోంది' అని ఇద్దరికీ వినిపించేలా చెప్పేస్తుంది. ఇంకెవరు మనసు విప్పి మాట్లాడతారు!

షాట్ అయ్యాక ఫొటోలు పంచుకునే దగ్గరా ఇదే గొడవ. యూనిట్లో ఐఫోన్లున్నవాళ్లంతా ఎయిర్‌డ్రాప్‌లో క్షణాల్లో ఇచ్చిపుచ్చుకుంటుంటే, ఆండ్రాయిడ్ చేతిలో ఉన్న కుర్రాడు విందులో విస్తరి వెయ్యని వాడిలా నిలబడాల్సి వచ్చేది. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోన్ల నుంచి ఎయిర్‌డ్రాప్‌కు పంపే వీలు కల్పించింది. గోడకు ఓ కిటికీ పడిందన్నమాట.

విలన్ చేతిలో ఏ ఫోన్?

సినిమావాళ్లకు ఫోనంటే వస్తువు మాత్రమే కాదు, వేషం కూడా. జూబ్లీహిల్స్ కాఫీ షాపులో కథ చెప్పడానికి కూర్చున్న కుర్రాడు బల్లమీద ఏ ఫోన్ పెట్టాడన్నది ఎదుటివాళ్ల కంట్లో పడుతుంది. తెరమీదా అంతే. 'నైవ్స్ అవుట్' దర్శకుడు రియాన్ జాన్సన్ 2020లో ఓ సరదా రహస్యం బయటపెట్టారు. సినిమాల్లో ఐఫోన్లు వాడుకోవడానికి ఆపిల్ ఒప్పుకుంటుందట కానీ, విలన్ పాత్రధారి చేతిలో మాత్రం అవి కనిపించకూడదట! సస్పెన్స్ సినిమాలో ఎవరి చేతిలో ఐఫోన్ లేదో కనిపెడితే హంతకుడెవరో ముందే తెలిసిపోతుందన్నమాట.

మనదేశంలో మాత్రం ఆ లెక్క తీస్తే చిక్కే! ఇక్కడ నూటికి తొంభైమందికి పైగా వాడేది ఆండ్రాయిడ్లే. పనితనానికీ ఫోను రకానికీ ముడిపెట్టడం కూడా ఇప్పుడు కుదరదు. సినిమా కెమెరాలు చేసే బ్లాక్‌మ్యాజిక్ సంస్థ తన కెమెరా ఆప్‌ను 2023 సెప్టెంబరులో ముందు ఐఫోన్‌కిచ్చింది. 2024 జూన్‌లో ఆండ్రాయిడ్‌కూ తెచ్చింది. లఘుచిత్రం తీయాలనుకునే కుర్రాడికి ఇప్పుడు కథ ఉంటే చాలు.

'జ్ఞా' కొట్టిన దెబ్బ

ఫోను మారేటప్పుడు తెలుగువాళ్లకు ఓ ప్రత్యేకమైన బెంగ ఉంటుంది... మన అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయా అని. తొలినాళ్ల స్మార్ట్‌ఫోన్లలో తెలుగు మెసేజీ వస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. ఆ రోజులు పోయాయనుకుంటుండగా 2018 ఫిబ్రవరిలో ఓ విచిత్రం జరిగింది. ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను ఒక్క తెలుగు అక్షరం గడగడలాడించింది. జ్ఞానం అని రాయడానికి వాడే 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే చాలు... వాట్సప్, మెసెంజర్, జీమెయిల్ లాంటి ఆప్‌లు టపీమని మూతపడేవి. మన ఒత్తుల్నీ గుణింతాల్నీ కలిపి చూపించే చోట సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం అది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. 'జ్ఞానం ఎక్కువైతే ఫోనుకీ కష్టమే' అని తెలుగువాళ్లు జోకులేసుకోవడానికి మాత్రం ఓ సందు దొరికింది.

కలిసిపోయిన రాజ్యాలు

ఇప్పుడున్నవి రెండు రాజ్యాలే కానీ, ఒకప్పుడు అరడజను ఉండేవి. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను చూపించేనాటికి ప్రొడక్షన్ మేనేజర్ల చేతుల్లో నోకియాలే రాజ్యమేలుతున్నాయి. సిమ్‌లో పట్టేది రెండొందల యాభై నంబర్లు. మిగిలినవి జేబు డైరీలో. ఐఫోన్ 2008 ఆగస్టులో మనదేశానికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌ను ప్రకటించారు. చిన్నచిన్న గుండీలతో టకటకా టైపు చేసే బ్లాక్‌బెర్రీ అప్పట్లో హోదాకు గుర్తు. 2022 జనవరి 4న ఆ పాత బ్లాక్‌బెర్రీలకు సేవలే ఆగిపోయాయి. 2011లో నోకియా నమ్ముకున్న విండోస్ ఫోన్లలో వాట్సప్ 2019 డిసెంబరు 31తో బంద్ అయింది. అలా ఎందరో తమకు ఇష్టం లేకపోయినా ఫోన్ మారాల్సి వచ్చింది.

ఆ విండోస్ ఫోన్ కథలో మన హైదరాబాదీ కూడా ఉన్నారు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొనడం ఆయనకు ముందునుంచీ ఇష్టం లేదు. ఆ సంగతి తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయనే రాసుకున్నారు. చివరికి ఆయన హయాంలోనే ఆ దుకాణం కట్టేశారు. అయితే ఫోన్ల రంగం నుంచి తప్పుకున్న తీరు ఇంకాస్త మెరుగ్గా ఉండాల్సిందని 2023లో ఆయన ఒప్పుకున్నారు. అంత పెద్ద సంస్థకే ఫోన్ మార్పు అచ్చిరాలేదు, మామూలు మనుషులమెంత!

కథ నాదే... రుజువేదీ?

నవ్వుకునే కష్టాలు సరే, నిజంగా గుండె ఆగినంత పనయ్యే సందర్భం ఒకటుంది. ఫిల్మ్‌నగర్‌లో కథలు చేతులు మారుతుంటాయి. ఒక కుర్రాడు తన కథ సారాంశాన్ని నాలుగేళ్ల కిందట ఎవరికో వాట్సప్‌లో పంపాడనుకుందాం. ఇవాళ అలాంటి సినిమాయే ఇంకొకరి పేరుతో మొదలైంది. 'ఫలానా తేదీన నేను పంపాను' అని చూపించడానికి అతనికున్న ఆధారం ఆ మెసేజీ ఒక్కటే. మధ్యలో ఫోన్ మారి ఆ సంభాషణ పోయిందా... అతని మాటకు దన్ను పోయినట్టే. ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టులో చూపించాలంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఆధారమే లేకపోతే ధ్రువపత్రం దేనికి? అందుకే అనుభవమున్న రచయితలు కొత్తవాళ్లకు చెప్పే మాట ఒకటే. కథను ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు, ఆ తర్వాతే ఎవరికైనా పంపు.

డాలస్ నుంచి వచ్చిన పెట్టె

ఇక కుటుంబాల్లో ఫోన్ మారే సందర్భాల్లో ముఖ్యమైంది... అమెరికా నుంచి అబ్బాయి రావడం! 'నాన్నా, ఇంకా ఆ డొక్కు ఫోనేంటి' అంటూ కొత్త ఐఫోన్ చేతిలో పెడతాడు. తీరా చూస్తే సిమ్ పెట్టడానికి చోటే ఉండదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచీ సిమ్ అర తీసేశారు. కంగారేం లేదు. జియో, ఎయిర్‌టెల్, వి సంస్థలు ఈ-సిమ్ ఇస్తాయి. అబ్బాయి తిరుగు విమానం ఎక్కేలోపే ఆ పని పూర్తిచేయించుకోవాలి, అంతే! ఎందుకంటే యూపీఐ ఆప్‌లు కొత్త ఫోన్లో మళ్లీ నమోదు కావాలన్నా అందులో ఆ సిమ్ పనిచేస్తుండాలి. లేదంటే కిరాణాకొట్టులో క్యూఆర్ కోడ్ ముందు నిలబడి చిల్లర వెతుక్కోవాలి.

మారేముందు ఓ మాట

కాస్త ఓపిక ఉంటే ఇవాళ మార్పు అంత కష్టమేమీ కాదు. 2015లోనే ఆపిల్ 'మూవ్ టు ఐఓఎస్' ఆప్ తెచ్చింది. గూగుల్ 2022లో 'స్విచ్ టు ఆండ్రాయిడ్' తెచ్చింది. ఐఫోన్ నుంచి శామ్‌సంగ్‌కు వాట్సప్ సంభాషణలు మార్చే వీలు 2021లో వచ్చింది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు ఆ వీలు 2022 జూన్‌లో మొదలైంది. అయితే కిటుకంతా సమయంలోనే ఉంది.

* కొత్త ఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే వాట్సప్‌ను మార్చుకోవాలి. వాడటం మొదలుపెట్టేశాక గుర్తొస్తే దాన్ని మళ్లీ పూర్తిగా చెరిపి మొదలుపెట్టాల్సి రావచ్చు.

* రెండు ఫోన్లలోనూ వాట్సప్ నంబరు ఒకటే అయ్యుండాలి.

* నంబర్లు ఫోన్లోనో సిమ్‌లోనో కాకుండా గూగుల్ ఖాతాలో ఉన్నాయో లేదో చూసుకోండి. అలా ఉంటే ఏ ఫోన్‌కు మారినా వెంట వస్తాయి.

* ముఖ్యమైన సంభాషణలను వాట్సప్‌లోని 'ఎక్స్‌పోర్ట్ చాట్' ద్వారా మీ ఈమెయిల్‌కు పంపుకొని దాచుకోండి.

* కనీసం రెండు వారాలు పాత ఫోన్ అమ్మొద్దు. అన్నీ వచ్చాయని తేలాక ఖాతాల నుంచి బయటికొచ్చి, మొత్తం చెరిపి అప్పుడివ్వండి.

* పాత ఫోన్ కొంటుంటే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు తెలుసుకోండి. కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరును 14422కి పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. దొంగ ఫోన్ల బెడద తప్పుతుంది.

ఈ జాబితా చూసి 'ఇదంతా ఎవరు చేస్తారు' అనుకునేవాళ్లు ఒక్కసారి పాత ఫోన్లో పైకి పైకి జరుపుకుంటూ వెళ్లి చూడండి. ఎక్కడో ఆరేళ్ల కిందట, 'షూటింగ్ అయిపోయిందా కన్నా... అన్నం తిన్నావా?' అంటూ అమ్మ పంపిన పది సెకన్ల వాయిస్ మెసేజీ ఉండొచ్చు. ఇవాళ ఆ అమ్మ లేకపోవచ్చు. కొత్త ఫోన్లో కెమెరా ఎంత గొప్పదైనా ఆ పది సెకన్లను మళ్లీ తీయలేదు.

సినిమాలో అయితే రీటేక్ ఉంటుంది. అందుకే పాత ఫోన్‌ను దుకాణంవాడి చేతిలో పెట్టేముందు... ఓసారి అడిగి చూసుకోండి. అన్నీ వచ్చేశాయా అని!