జిమ్ ఇష్టం సరే.. ట్రైనర్ అవుతారా?

డిగ్రీ చివరి ఏడాది. ఒకపక్క క్యాంపస్ ఇంటర్వ్యూలు. మనసు మాత్రం జిమ్ మీదే. కొత్తగా చేరినవాళ్లు ‘అన్నా, నా స్క్వాట్ కరెక్టేనా చూడవా’ అంటూ మీ దగ్గరికే వస్తున్నారు. దీన్నే ఉద్యోగంగా చేసుకుంటే పోలా అనిపిస్తోందా? ఫీజు కట్టేముందు కాస్త ఆగండి.

మన కండలు పెంచుకోవడం వేరు, ఇంకొకరితో వ్యాయామం చేయించడం వేరు. పర్సనల్ ట్రైనర్ కోసం వచ్చేవాళ్లంతా మీలాంటి ఇరవై రెండేళ్ల కుర్రాళ్లే కాదు. మోకాళ్ల నొప్పులున్న ఆంటీ వస్తారు, బీపీ మాత్రలు వేసుకునే బ్యాంకు ఉద్యోగి వస్తారు. వాళ్లతో మొదటిరోజే బరువులెత్తిస్తే ప్రమాదం. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా అని అడిగే ‘పార్-క్యూ’ ఫారం ముందు నింపించాలి. అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికి పంపాలి. సర్టిఫికేషన్ కోర్సులో అసలు విలువ ఇలాంటివాటిదే, బైసెప్స్ చిట్కాలది కాదు.

ఒక పని చేయండి. మీ జిమ్ ట్రైనర్‌ని అడిగి నెలరోజులు ఆయన పక్కన నిలబడండి. ఉదయం అయిదున్నరకే షట్టర్ తీయాలి. పదింటికి ఖాళీ. మళ్లీ సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా. చాలాచోట్ల జీతం కొంచెమే, పర్సనల్ ట్రైనింగ్ ఫీజులో వాటా మీదే సంపాదన. అంటే క్లయింట్లను మీరే తెచ్చుకోవాలి. మొహమాటస్తులకు ఇదే కష్టం. ప్రొటీన్ డబ్బాలు అమ్మితే కమీషన్ అని ఆశపెట్టేవాళ్లూ ఉంటారు, జాగ్రత్త!

నెల తర్వాత కూడా ఉత్సాహం తగ్గకపోతే అప్పుడు సర్టిఫికెట్ సంగతి. అమెరికాకు చెందిన ఏస్, నాస్మ్, ఏసీఎస్ఎం పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్లకు ఎన్‌సీసీఏ గుర్తింపు ఉంది. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఇవి పనికొస్తాయి. ఏస్ పరీక్షనే తీసుకోండి: మూడు గంటలు, 150 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు. 18 ఏళ్లు నిండాలి, సీపీఆర్-ఏఈడీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. పాసైతే అయిపోలేదు, రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికీ ఖర్చే. అనాటమీ, బయోమెకానిక్స్ ఇంగ్లిష్ పదాలు తెలుగు మీడియం వాళ్లను మొదట్లో భయపెడతాయి. కండరాల పేర్లు బొమ్మ పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు నేర్చుకుంటే భయం పోతుంది.

అంత ఖర్చు పెట్టలేనివారు మన దేశంలో క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి ఉన్న స్కిల్ కౌన్సిల్ ‘ఫిట్‌నెస్ ట్రైనర్’ కోర్సును చూడొచ్చు. స్థానికంగా పని మొదలుపెట్టడానికి ఇదొక దారి.

‘బీటెక్ చదివి జిమ్‌లో పనా?’ అని నాన్న అడగడం ఖాయం. ఆయన అడిగేదాంట్లో తప్పులేదు. అందుకే డిగ్రీ మధ్యలో వదలొద్దు. ఈ పరీక్షకు ఉద్యోగం చేస్తూ కూడా సిద్ధం కావొచ్చు.

ఇక ‘రెండ్రోజుల్లో ఇంటర్నేషనల్ సర్టిఫికెట్’ అనే ప్రకటన కనిపిస్తే నేరుగా ఆఫీసుకు వెళ్లి అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది మీరా, బయటి సంస్థా? చెప్పిన ఫీజులో పరీక్ష ఫీజు కలిసే ఉందా? ఫెయిలైతే మళ్లీ రాయడానికి ఎంత? సీపీఆర్ ఎవరు నేర్పుతారు? జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.