మీకు తెలుసా? మెయిల్‌లో ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు

‘మీ అకౌంట్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారు, 24 గంటల్లో సరిచూసుకోకపోతే మూసేస్తాం’ అంటూ ఏదో కంపెనీ టెక్నికల్ సపోర్ట్ పేరుతో మెయిల్ వచ్చిందనుకోండి. మన కళ్లు ముందు పంపినవారి పేరు మీదికి పోతాయి. మెయిల్‌లో మార్చడానికి అన్నిటికన్నా తేలికైనది ఆ పేరే.

మెయిల్‌ను ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి చేర్చే ఎస్ఎంటీపీ పద్ధతికి జాన్ పోస్టెల్ రాసిన ప్రమాణం 1982లో వచ్చింది. పంపేవాడు చెప్పుకున్న పేరు నిజమా కాదా అని ఆరా తీసే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కార్డు మీద ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరు రాసినా డబ్బాలో వేయగలిగినట్టే ఇదీ.

ఆ లోటు పూడ్చడానికి తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పరీక్షలు వచ్చాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూస్తే వాటి ఫలితం పాసో ఫెయిలో తెలుస్తుంది. ఫెయిల్ అంటే అనుమానించాల్సిందే. పాస్ అయినంత మాత్రాన నమ్మేయకూడదు. పేరున్న కంపెనీని పోలిన డొమైన్ కొనుక్కున్న మోసగాడు తన డొమైన్‌కు ఈ పరీక్షలన్నీ పాస్ చేయించుకోగలడు. ఇంగ్లిష్ ‘ఎమ్’ బదులు చిన్నబడి ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో చూడండి, తేడా పట్టుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో మోసగాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. గూగుల్ వ్యవస్థ నుంచే వచ్చిన ఒక హెచ్చరిక మెయిల్‌ను, డీకిమ్ పరీక్ష చూసే దాని డిజిటల్ సంతకం చెడకుండా, వేరేవాళ్లకు తిప్పి పంపారు. చిరునామా గూగుల్‌దే, సంతకమూ అసలుదే. లింకు మాత్రం గూగుల్ సైట్స్‌లో మోసగాళ్లు కట్టుకున్న పేజీకి పోయింది.

అందుకే నిజం తేల్చుకోవడానికి ఆ మెయిల్‌లోంచి బయటికి రావడమే మేలు. లింకు ముట్టుకోకుండా, బ్రౌజర్‌లో కంపెనీ చిరునామా మీరే టైప్ చేసి అకౌంట్‌లోకి వెళ్లండి. గూగుల్‌లో సెక్యూరిటీ విభాగం, మైక్రోసాఫ్ట్‌లో ‘రీసెంట్ యాక్టివిటీ’ ఎప్పుడు, ఏ పరికరం నుంచి లాగిన్ జరిగిందో చూపిస్తాయి. మెయిల్ చెప్పిన లాగిన్ అక్కడ కనిపించకపోతే అది దొంగ మెయిల్ అనుకోవచ్చు.

నాకు ఎక్కువ భయం అసలు లింకే లేని మెయిళ్ల గురించి. ‘మీ యాంటీవైరస్ చందా రెన్యూ అయింది, డబ్బు కట్ అయింది, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మర్యాదగా ఉంటుంది. డబ్బు పోయిందన్న కంగారులో పెద్దవాళ్లు తామే ఫోన్ చేస్తారు. అవతలివాడు ‘రీఫండ్ ఇస్తాం’ అంటూ తెరను దూరం నుంచి నడిపే యాప్ వేయిస్తాడు. ఇక ఓటీపీ వచ్చినా వాడికి కనిపిస్తుంది. ఎనీడెస్క్ లాంటి యాప్‌లతో జరిగే ఈ మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్‌లో అలాంటి యాప్ ఉందేమో చూడండి.

యాప్ వేసేశాక అనుమానం వస్తే ముందు ఇంటర్నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతా దాటకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ.