ప్లాటు కొన్నాక తేలే లెక్క

నిరుడు మిర్చి కల్లం ఉన్నచోట ఈ ఏడు తెల్ల రాళ్లు పాతారు. రంగు జెండాలు, ఆర్చి, వెంచర్ బోర్డు. గుంటూరు నుంచి నరసరావుపేట వైపు వెళ్లినా, ఒంగోలు శివార్లలో తిరిగినా ఇది మామూలే. పత్తి చేను ప్లాట్లయింది సరే, అక్కడికి రోడ్డు, డ్రైనేజీ, తాగునీరు ఎవరి డబ్బుతో రావాలి?

రూలు ప్రకారమైతే ముందు లేఅవుట్ వేసినవాళ్లే పెట్టుకోవాలి. లోపలి రోడ్లు, కాల్వలు వాళ్లే వేయాలి. 10 శాతం స్థలం పార్కులాంటి వాటికి వదలాలి. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. ఇవికాక అభివృద్ధి రుసుములు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 నాటి నాలా చట్టాన్ని పక్కనపెట్టి, భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి రుసుము తెచ్చింది. పేరులోనే ఉంది, గేటు బయట పనులకని.

అనుమతి లేని వెంచర్‌లో కథ వేరు. ప్లాట్లు అమ్ముకున్నాయన వెళ్లిపోతాడు, బిల్లు కొన్నవాళ్ల చేతికొస్తుంది. ఎల్‌ఆర్‌ఎస్‌లో క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నది ఏళ్లుగా ఉన్న లెక్క. పది లక్షల ప్లాటుకు అక్షరాలా 1,40,000. పోనీ కట్టాక పార్కు వస్తుందా? ఎక్కడొస్తుంది, అంగుళం మిగల్చకుండా అమ్మేశాక!

ఇంగ్లండులోనూ కౌన్సిళ్లు బిల్డర్ల దగ్గర ఇలాగే వసూలు చేస్తాయి. కాకపోతే ఎంత వచ్చింది, దేనికి ఖర్చుపెట్టారు అన్నది 2020 నుంచి ఏటా ప్రచురించాలి. మన దగ్గర అడగాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. మీ వార్డు గురించి ఒక దరఖాస్తు పెట్టి చూడండి.

ఈ లెక్కలు చదవగలిగినవాళ్లకు పని కూడా ఉంది. సివిల్ డిప్లొమా చేసినవాళ్లకు వార్డు ప్లానింగ్ కార్యదర్శి, టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ లాంటి ఉద్యోగాలున్నాయి. లైసెన్సు తీసుకుంటే ఇళ్ల ప్లాన్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎల్‌టీపీగా సొంతంగా బతకొచ్చు. ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినవాళ్లు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాస్తే విజయవాడ ఎస్‌పీఏలో బీ ప్లానింగ్‌కు పోటీపడొచ్చు. మనవాళ్లలో ఈ కోర్సు పేరు విన్నవాళ్లే తక్కువ, అదే చిత్రం.

ఈలోగా ఇంట్లో నాన్నో బాబాయో ప్లాటు చూడ్డానికి బయల్దేరితే మీరూ వెంట వెళ్లండి. బ్రోచర్ తర్వాత, ముందు ఎల్‌పీ నంబరు అడగండి. 'అప్లై చేశామండీ, వచ్చేస్తుంది' అన్నారా, వచ్చాకే అడ్వాన్సు ఇస్తామని చెప్పి బండి తిప్పండి.