సాక్ష్యానికి తొందర లేదు

క్యాన్సర్‌కు ఆఖరి కరెంటు పెట్టించుకుని ఒకామె ఊరికి వచ్చాక మొదటి ఆదివారం. రేడియేషన్‌ను మన పల్లెల్లో కరెంటు అనే అంటారు. ఆ రోజు కొల్లాపూర్ చుట్టుపక్కల ఏ చిన్న చర్చిలోనైనా ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పాటలయ్యాక పాస్టరుగారు ఆమె వైపు చూస్తారు. "అక్కా, దేవుడు చేసిన మేలు సంఘానికి చెప్పు." ఆమె లేస్తుంది. చెయ్యి బరువుగా ఉంది. నోటికి అన్నం రుచి ఇంకా తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. మూడు నెలలకు మళ్లీ రమ్మని డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. అయినా "ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేసిండు" అని చెప్పి కూర్చుంటుంది. సంఘమంతా స్తోత్రం అంటుంది. అందులోని ప్రేమ నిజమైనదే. కానీ ఆ మాట అన్న తర్వాత, తనకింకా భయంగా ఉందని చెప్పుకునే చోటు ఆమెకు మిగలదు. నేను రాయదలచుకున్నది ఆ చోటు గురించే.

కొల్లాపూర్ నుంచి క్యాన్సర్ వైద్యమంటే హైదరాబాదు ప్రయాణమే. నాగర్‌కర్నూల్ మీదుగా గంటల తరబడి బస్సు, దిగాక రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి. మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో మొదలైన ఈ ప్రభుత్వ ఆస్పత్రే ఇప్పటికీ పేదవాడి క్యాన్సర్‌కు పెద్ద దిక్కు. డబ్బు సంగతికొస్తే, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ముందుగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. కొల్లాపూర్ కూడా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఆపరేషన్‌కూ మందులకూ ఆరోగ్యశ్రీ కార్డు ఆదుకోవచ్చు. కానీ వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగే కరెంటుకు నగరంలో ఎక్కడుండాలి, తోడు ఎవరుండాలి, ఇంటి దగ్గర పిల్లలకు ఎవరు వండిపెట్టాలి అన్నవి కార్డుతో తీరేవి కావు. అక్కడ ఆదుకునేది సంఘం. వియ్యాలవారికన్నా ముందు స్త్రీల సమాజం వాళ్లు బియ్యం పట్టుకొస్తారు. ఒకరు బస్సెక్కి తోడు వెళ్తారు. నగరంలో తెలిసిన విశ్వాసుల ఇంట్లో ఒక గది దొరుకుతుంది.

ఒక చిన్న సంగతి నన్నెప్పుడూ కదిలిస్తుంది. మన తెలుగు చర్చిల్లో ఆడవాళ్లు ప్రార్థనకు తలమీద కొంగు కప్పుకుంటారు. కీమోతో జుట్టు రాలిన మనిషి పెళ్లికి వెళ్లినా సంతకు వెళ్లినా కళ్లన్నీ ఆమె తలమీదే ఉంటాయి. చర్చిలో మాత్రం అందరి తలల మీదా కొంగే. ఆమె ఎవరికంటేనూ వేరుగా కనబడదు. ఆ రెండు గంటలు ఆమె రోగి కాదు.

జుట్టు ఎందుకు రాలుతుందో తెలిస్తే మిగతా బాధలూ అర్థమవుతాయి. కీమో మందు త్వరత్వరగా చీలిపోయే కణాల మీద పడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే. కానీ వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముకల్లోని మూలుగ కూడా అలాగే వేగంగా పెరిగేవే కాబట్టి మందు దెబ్బ వాటికీ తగులుతుంది. అందుకే నోరు పూస్తుంది, కారం తగిలితే మంట, మామిడికాయ పచ్చడి పేరు చెబితేనే భయం. మూలుగ దెబ్బతినడం వల్ల తెల్లకణాలు పడిపోతాయి. సాధారణంగా మందు ఎక్కించిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య అవి అడుగంటుతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. ప్రార్థన చేసుకుంటూనే బండెక్కాలి.

విశ్వాసానికీ వైద్యానికీ చిక్కు వచ్చేది ఇలాంటి చోటనే. కణాలు పడిపోయిన వారంలో కిక్కిరిసిన కూటాలకు వెళ్లడం ప్రమాదం. ప్రభు సంస్కారంలో అందరూ తాగే గిన్నె కాకుండా ఆమెకు విడిగా ఇవ్వవచ్చు. ఉపవాస ప్రార్థన ఇంకో చిక్కు. కీమో రోగికి బలం అన్నంలోంచే, గుడ్డులోంచే, పప్పులోంచే రావాలి. బరువు తగ్గితే తర్వాతి మోతాదు వాయిదా పడవచ్చు కూడా. శ్రమల కాలం నలభై రోజుల్లోనైనా సరే ఆమె పేరున సంఘం ఉపవాసముండాలి, ఆమె చేత తినిపించాలి. అభిషేక తైలం నుదుటి మీద పెడితే చాలు. కరెంటు పెట్టిన చోట చర్మం కమిలి ఉంటుంది. అక్కడ నూనె గాని, మరే పూత గాని డాక్టరును అడక్కుండా రాయకూడదు.

మరి ప్రార్థన జబ్బును తగ్గిస్తుందా? ఈ ప్రశ్నను అమెరికాలో గుండె ఆపరేషన్ రోగుల విషయంలో పరీక్షించి చూశారు. ఆరు ఆస్పత్రుల్లో 1,802 మంది మీద జరిపిన ఆ అధ్యయనాన్ని హెర్బర్ట్ బెన్సన్ బృందం 2006లో ప్రచురించింది. ముక్కూమొహం తెలియనివాళ్లు దూరం నుంచి చేసిన ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. పైగా, తమకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో ఇబ్బందులు 59 శాతం మందికి వచ్చాయి. ప్రార్థన జరిగినా ఆ సంగతి ఖాయంగా తెలియనివాళ్లలో అది 52 శాతం. ఈ తేడా యాదృచ్ఛికమే కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. ఇది చదివి విశ్వాసి కుంగిపోనక్కర్లేదు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చేసే ప్రార్థన ఆ లెక్కలోకి రాలేదు.

ఆ చెయ్యి పట్టుకోవడంలో ఏముందో కెనెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశీలించాడు. కష్టంలో భక్తి రెండు దారుల్లో నడుస్తుందని ఆయన అంటాడు. దేవుడు తోడున్నాడు, సంఘం తోడుంది అనుకునే దారి ఒకటి. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, విడిచిపెట్టాడు అని నలిగిపోయే దారి మరొకటి. మొదటి దారిలో ఉన్న క్యాన్సర్ రోగుల జీవితం కాస్త మెరుగ్గా ఉంటుందనీ, రెండో దారిలో వాళ్లు మరింత కుంగిపోతారనీ తర్వాతి అధ్యయనాలు చూపాయి. అందుకే "నీ విశ్వాసం చాలలేదు", "ఏ పాపం దాచావో ఒప్పుకో" అన్న మాటలు రోగి దగ్గర ఎంత చిన్న గొంతుతో అన్నా విషమే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపే అతనికి ఓదార్పు.

బైబిల్లో నాకు ఈ విషయంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది హిజ్కియా కథ. చావుకు దగ్గరైన రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తాడు. పదిహేనేళ్ల ఆయుష్షు దొరుకుతుంది. ఆ వెంటనే యెషయా ప్రవక్త చెప్పేది మందు సంగతి, కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని. మన పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అనేవారు. రాజు పుండుకూ ప్రార్థన తర్వాత పట్టీ కావలసి వచ్చింది. ఈ ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లూ ఈ రెంటినీ విడదీయలేదు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున 1907లో వచ్చిన డాక్టర్ కతరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో కన్నుమూసేదాకా నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు వైద్యం చేసింది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా భక్తురాలే. నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసులో, ఇంట్లో, దేవుణ్ణి అడిగే ప్రశ్నలో కూడా ఉంటుందని చెబుతూనే, మార్ఫిన్‌ను వేళ తప్పకుండా ఇవ్వాలని పట్టుబట్టింది.

ఇక వైద్యం అయిపోయాక. అసలు కష్టం చాలామందికి అప్పుడే మొదలవుతుంది. ఆస్పత్రి రోజుల్లో చుట్టూ జనం, రోజుకో పని. ఇంటికొచ్చాక "ఇంకేం, బాగైనవ్ కదా!" అంటారు. అలసట మాత్రం నెలల తరబడి వదలదు. అది సోమరితనం కాదు, నిద్రపోతే తీరేదీ కాదు. రోజూ కొద్దిదూరం నడవడమే దానికి మేలు చేస్తుంది. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గడ్డలు తీసినవాళ్లకు ఆ పక్క చెయ్యి వాయవచ్చు. పత్తి ఏరేటప్పుడు గీరుకుపోయినా, ముల్లు దిగినా వెంటనే కడిగి మందు పెట్టుకోవాలి. వాపు, ఎరుపు కనిపిస్తే చూపించుకోవాలి. హార్మోను ప్రభావంతో పెరిగే రొమ్ము క్యాన్సర్ అయితే టామాక్సిఫెన్ లాంటి మాత్ర ఐదేళ్లో, ఇంకా ఎక్కువో రోజూ వేసుకోవాలి. స్వస్థత సభలో చేతులెత్తి వచ్చిన మర్నాడు ఆ మాత్రను మానేయడం కన్నా నష్టం మరొకటి లేదు. మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి, ఆ తర్వాత మరికాస్త ఎడంగా పరీక్షకు వెళుతూనే ఉండాలి. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ గుండె దడ. ఒక దగ్గు వచ్చినా, నడుం పట్టినా అదేనేమోనన్న అనుమానం.

ఈ భయాన్ని మోయడానికి విశ్వాసం దగ్గర మాటలున్నాయి, మనమే వాటిని వాడుకోవడం లేదు. రోగి ఇంటికి వెళ్లినప్పుడు ఇరవై మూడో కీర్తన, తొంభై ఒకటో కీర్తన చదువుతాం. ఎనభై ఎనిమిదో కీర్తన ఎవరూ తీయరు. మొదటినుంచి చివరిదాకా మొర తప్ప మరేమీ లేని పాట అది, చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి పాటను కూడా లేఖనాల్లో ఉంచారంటే, బాగుకాని మనిషి ప్రార్థన కూడా ప్రార్థనేనని అర్థం. ఆమెను సాక్ష్యం చెప్పమనే ముందు, పాస్టరమ్మ ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లి ఆ కీర్తన చదివి, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చోగలిగితే బాగుండు. ప్రార్థన మనవుల పుస్తకంలోంచి ఆమె పేరు కొట్టేయకుండా, పక్కనే రాబోయే పరీక్ష తేదీ కూడా రాసుకుంటే, ఆ రోజు హైదరాబాదు బస్సులో ఆమె పక్క సీట్లో ఎవరు కూర్చోవాలో ముందే తేల్చుకోవచ్చు.