కలిసిన వేళ్లు – గ్రహణం నింద

ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు తెలుగు సీమ నుండి వలస వెళ్లిన కామాఠీ కూలీల వలన వచ్చింది. అక్కడి ఫోరస్ రోడ్ చాళ్లలోనైనా, సొంత ఊరిలోనైనా, శిశువు కలిసిన వేళ్లతో పుడితే తరచుగా నింద పడేది తల్లి మీదనే: గ్రహణం నాడు కత్తి పట్టిందని.

ఈ నింద నిరాధారం. సిన్‌పాలీడాక్టిలీ అనే అరుదైన వంశపారంపర్య స్థితిలో మధ్యవేలు, ఉంగరపు వేలు కలిసిపోయి, వాటి నడుమ అదనపు వేలు ఏర్పడుతుంది. కాలిలో నాలుగు, ఐదవ వేళ్లు అట్లే కలుస్తాయి. దీనికి మూలం హెచ్‌ఓఎక్స్‌డి13 అనే జన్యువులోని మార్పు అని 1996లో తేలింది. అనగా గర్భం నిలిచిన నాడే ఇది నిర్ణయమై ఉంటుంది.

ఆ జన్యువు తల్లి నుండి రావచ్చు, తండ్రి నుండీ రావచ్చు. ఒక్కరిలో ఉన్నా ప్రతి కాన్పులో బిడ్డకు సంక్రమించే అవకాశం సగం. కొందరిలో లక్షణం కానరాకుండానే తరువాతి తరానికి చేరుతుంది. మేనరికం ఈ మార్పును పుట్టించదు. అయితే దంపతులిద్దరిలోనూ అది ఉండి, బిడ్డకు ఇరువైపుల నుండీ వస్తే వైకల్యం తీవ్రమవుతుంది. వంశంలో ఇటువంటి వేళ్లున్నవారు సంబంధం కలుపుకొనే ముందు జన్యు వైద్యుని సలహా పొందాలి.

కలిసిన వేళ్లను శస్త్రచికిత్సతో విడదీసి, అవసరమైన చోట చర్మం అతకవచ్చు. చాళ్లకు చేరువలోని జె.జె., నాయర్ ఆసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. తల్లిని నిందించడం మాని, బిడ్డను వైద్యునికి చూపడమే పెద్దల కర్తవ్యం.